మసిగుడ్డ లేని ఇల్లు

పొయ్యి మీది కుండ దించాలంటే మా ఇంట్లో ఎవరూ మసిగుడ్డ కోసం వెతకరు. నన్ను పిలుస్తారు. "అనసూర్యా, గీ కుండ జర దించి పో బిడ్డా" అని మా అత్త శంకరవ్వ అరుగు మీద కూర్చునే కేకేస్తుంది. నేను ఏ పనిలో ఉన్నా లేచి వచ్చి, మరుగుతున్న కుండను రెండు చేతులా పట్టుకుని దించి, పక్కన పెట్టి పోతాను. ఆవిరి కొడితే మొహం తిప్పుకుంటాను. చేతులకు అలాంటి పట్టింపులేమీ లేవు. ఒకప్పుడు మాకూ ఒక మసిగుడ్డ ఉండేది, చనిపోయిన మా మామ పాత ధోవతి చింపి చేసింది. అది పీలికలైపోయాక ఇంకోటి చింపాలని ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

మాది చెన్నూరు, గోదారి దగ్గరి ఊరు. మా వాడకట్టంతా పద్మశాలీలం, దసలి పట్టు నేస్తాం. అడవిలో చెట్ల మీద పట్టుపురుగు కట్టిన కాయలు బస్తాల్లో వస్తాయి. ఒక్కోటి చిన్న కోడిగుడ్డంత ఉండి, రాయిలా గట్టిగా ఉంటుంది. వాటిని బూడిద నీళ్ళలో మరగబెట్టి మెత్తబరచాలి. మెత్తబడ్డ కాయల కొసలు నాలుగైదు కలిపి పట్టుకుని, చీర తొడ దాకా ఎత్తి దోపుకుని, తొడ మీద అరచేత్తో పేనుతూ దారం తీయాలి. దారం తీయడం ఆడవాళ్ళ పని, మగ్గం మగవాళ్ళది. మగ్గం మీద కూర్చున్నవాణ్ణి లోకం నేతగాడంటుంది. తొడ మీద దారం తీసినదాన్ని ఏమనాలో లోకానికి ఇంకా తట్టలేదు. ఒకసారి నేతవాళ్ళ సొసైటీ నుంచి ఎవరో వచ్చి, ఇంట్లో ఎంతమంది పనిచేస్తారని అడిగితే మా ఇంటాయన సిద్దిరాములు "నేనొక్కణ్ణే. మా ఆమె ఇంట్ల ఉత్తగనే ఉంటది" అన్నాడు. అప్పుడు నేను ఆయనకు చేతికందేంత దూరంలో, గోడవారగా కూర్చుని దారం తీస్తున్నాను. ఆయన మగ్గం మీద ఉన్నది నేను తీసిన దారమే. వచ్చినాయన నా వైపు ఒకసారి చూసి, సరేనని రాసుకుని పోయాడు.

తొడ మీద చర్మం కమిలి, పొరలు లేచి, ఒక్కోసారి నెత్తురు చిమ్ముతుంది. అప్పుడు కాస్త బూడిద అద్దుకుని రెండో తొడ మీదికి మారతాం. కాపురానికొచ్చిన కొత్తలో నేను మంట మంట అని ఏడిస్తే మా అత్త "మేం తియ్యలేదానే? మాకు తొడలు లేవా?" అంది. ఉన్నాయి. ఆమె తొడ మీద అరచేయంత మేర ఇప్పటికీ నల్లగా, చెప్పు తోలులా గట్టిపడి ఉంటుంది. ఆమెను కూడా ఎవరూ ఏ పేరుతోనూ పిలవలేదు. అందుకే నాకు ఆమె మీద పూర్తిగా కోపం రాదు.

నిజాం రాజ్యం పోయిన ఏడాది నా పెళ్ళి. ఏళ్ళు గడిచినా పిల్లలు పుట్టలేదు కాబట్టి ఇంట్లో నా పేరు చాలాకాలం గొడ్డుదే. "గొడ్డుదానికి ఆకలెక్కువ", "గొడ్డుదాన్ని ముందట పెట్టుకొని మంచిపని మొదలువెట్టకుండ్రి" అంటూ మా అత్త అనే మాటలు మొదట్లో గుచ్చుకునేవి. తర్వాత గుచ్చుకోవడం మానేశాయి. ఆ మానడం ఎప్పుడు జరిగిందో నాకు గుర్తు లేదు. మానిందని సంతోషించాను కూడా.

ఇక చెయ్యి సంగతి. పట్టుకాయ వేడిగా ఉన్నప్పుడైతే దారం తెగకుండా వస్తుంది, చల్లారితే మొండికేస్తుంది. అందుకని వాడకట్టు ఆడవాళ్ళంతా చన్నీళ్ళ గిన్నె పక్కన పెట్టుకుని, వేళ్ళు ముంచుకుంటూ, ఉస్సు ఉస్సుమంటూ కుండలోంచి కాయలు తీస్తారు. ఒక మధ్యాహ్నం నేను ఏదో ఆలోచించుకుంటూ, చన్నీళ్ళ గిన్నె పెట్టుకోవడమే మరిచి, కుతకుతలాడే కుండలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీశాను. పక్కింటి కమలవ్వ చూసి కెవ్వుమంది. చెయ్యి ఎర్రగా కమిలింది కానీ నాకు మంటే తెలియలేదు. ఎందుకో అర్థంకాక చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే, ఆయన మగ్గం మీంచి లేచి వచ్చాడు. నా చేతి వైపు చాలాసేపు చూశాడు. అప్పటికి మా అత్త, కమలవ్వ, ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు గుమిగూడారు. వాళ్ళ ముందు ఆయన రెండు చేతులూ జోడించి, "ఎల్లమ్మ తల్లి! మా ఆమె చేతిల తల్లి ఉన్నది" అన్నాడు.

పెళ్ళయ్యాక ఆయన నా గురించి నలుగురిలో అన్న మొదటి మంచి మాట అది. నేను ఆ మాటను దాచుకున్నాను. దారం తీస్తూ తీస్తూ ఎన్నోసార్లు మనసులో అనుకుని చూసుకునేదాన్ని.

ఆ వారం నుంచే ఆయన తన చాపను మగ్గం గదిలోకి మార్చుకున్నాడు. "తల్లి ఉన్న ఒళ్ళు. నేను ముట్టద్దు" అన్నాడు. తన చెంబు, తన పళ్ళెం వేరే పెట్టుకున్నాడు, తనే కడుక్కునేవాడు. బువ్వ గంటెతోనే వడ్డించమనేవాడు. మొగుడు తన పళ్ళెం తాను కడుక్కోవడం మా వాడకట్టులో ఎవరూ కని విని ఎరగరు. "మా కొడుకు నిష్ట జూసిండ్రా" అని మా అత్త నలుగురికీ చెప్పుకుంది. నిజం చెప్పాలంటే నాకు కొంచెం సుఖంగానే ఉండింది. రోజంతా తొడ మండుతూ ఉంటే, దాని పక్కన మళ్ళీ ఒక మనిషి వచ్చి పడుకోకపోవడం సుఖమే కదా.

శుక్రవారాలు వాడకట్టు ఆడవాళ్ళు పసుపు కుంకుమ తెచ్చి నా కాళ్ళకు రాసేవారు. నా అరచేతిలో కర్పూరం వెలిగించి హారతి పట్టించేది మా అత్త. వాళ్ళు పోయాక చేతిలో బొబ్బ లేచేది. దాని మీద వాళ్ళు తెచ్చిన పసుపే అద్దేది. మిగతా రోజులు కుండలన్నీ నావే. ముగ్గురు తీసే దారం నేనొక్కదాన్నే తీసేదాన్ని. "తల్లి ఉన్నంక పనికి కొదవేంది" అనేవాడు ఆయన. చిటికెన వేలు, దాని పక్క వేలు మెల్లగా లోపలికి ముడుచుకుని మళ్ళీ సాగలేదు. అన్నం కలుపుకుంటే ముద్ద జారిపోయేది. "తల్లి ముడిసింది, తల్లే తెరుస్తది" అంది అత్త. కత్తిపీట మీద వేలు తెగితే, నేల మీద నెత్తురు చూసి తెలుసుకునేదాన్ని. ఏమైనా అంటే ఇంట్లో తయారుగా ఒక మాట ఉండేది: "నీకేం నొప్పి లేదు గద!" లేదు కాబట్టి మళ్ళీ కుండ దగ్గరికే పోయేదాన్ని. నన్ను కన్న మా అవ్వ చనిపోయిందని పుట్టింటి నుంచి కబురు వచ్చినప్పుడు కూడా నేను కుండ ముందే ఉన్నాను. విన్నాను. చేతిలో ఉన్న దారం తెగకుండా చివరిదాకా తీసి, అప్పుడు లేచాను. ఏడుపు రాలేదు. రావాలని కొంతసేపు గోడకు ఆనుకుని ఎదురుచూశాను కూడా. చేతిలోని మొద్దుతనం ఎక్కడిదాకా పాకిందోనని నాకు అప్పుడైనా భయం వేసి ఉండాల్సింది.

అలాంటి రోజుల్లో ఎలీసబెతు సిస్టరు వచ్చింది. గోదారి అవతల మిషన్ వాళ్ళ దవాఖాన ఉంది. అక్కడి నుంచి జీపు వేసుకుని వచ్చి, బడి పిల్లల ఒంటి మీద మచ్చలున్నాయేమో చూసి పోతారు. ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయేమో, తెల్లచీర, భుజాన సంచి. సుల్తానాబాద్ దగ్గర పల్లె వాళ్ళదని, తండ్రి పాలేరుగా బతికి పిల్లను చర్చి బడిలో చదివించాడని తర్వాత చెప్పింది. బడి దగ్గర కమలవ్వ మనవడికి మందు ఇస్తుంటే, కమలవ్వ మాటల్లో మా ఇంటి తల్లి మహిమ చెప్పిందట. సిస్టరు పట్టుచీర చూస్తానని వంక పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా ఇంటాయన బట్ట అప్పజెప్పడానికి సొసైటీకి పోయి ఉన్నాడు. మా అత్త బేరం వచ్చిందన్న సంతోషంతో అరుగు మీద చీరలు పరిచింది. సిస్టరు రెండు చీరలు అటూ ఇటూ తిప్పి, "దారం ఎట్ల తీస్తరో జూస్తనమ్మా" అని లోపలికి వచ్చేసింది. నేను కుండలోంచి కాయలు తీస్తున్నాను. ఆమె నా ఎదుట నేల మీద చతికిలబడి, నా చేతుల వైపే చూస్తూ కూర్చుంది.

"అక్కా, కండ్లు మూస్కో" అంది కాసేపటికి. సంచిలోంచి ఒక కోడి ఈక తీసింది. "నేను ఈకతోటి ముట్టిస్త. ఎక్కడ ముట్టిందో ఏలు పెట్టి సూపియ్యి."

అదేదో ఆటలా ఉందనుకుని కళ్ళు మూసుకున్నాను. మెడ మీద తగిలింది, చూపించాను. భుజం మీద తగిలింది, చూపించాను. ఆ తర్వాత ఆమె ఆపేసింది. ఊరికే కూర్చున్నాను. బయట మా అత్త చీరలు మడత పెడుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను. చాలాసేపయ్యాక "చేతులకు ఎప్పుడు ముట్టిస్తవ్?" అని అడిగాను.

"అయిపోయిందక్కా" అంది.

కళ్ళు తెరిస్తే ఈక నా అరచేతిలోనే ఉంది.

ఆమె నా మోచేయి పట్టుకుని వెనక పక్కన వేళ్ళతో తడిమింది. అక్కడ చర్మం కింద ఒక తాడులాంటిది అటూ ఇటూ జారింది. నొక్కితే లోపలెక్కడో జివ్వుమంది. అది నరమట. అందరికీ ఉంటుందట, ఇంత లావు ఉండదట. నేను దారం తీసేదాన్ని కాబట్టేమో, ఆ తాడు చర్మం కింద ఎటు పోతుందో తెలుసుకోవాలనిపించింది. అడిగాను. ఆమె నేల మీది బూడిదలో వేలితో ఒక చెయ్యి, ఒక వెన్ను, పైన ఒక తల గీసింది.

"తోలు కింద అంతట సన్నటి నరాలుంటై అక్కా. ఏలు కొసకు వేడి తాకితే, తాకిందన్న కబురు గా నరంల పడి చెయ్యెంబడి పైకి పోతది. ఈపుల, వెన్నుపూసల నడుమ లావు నరం ఉంటది, గాడికి చేరుతది. గాన్నుంచి తలకాయలకు ఎక్కుతది. మెదడుకు చేరితేనే మనకు కాలిందని ఎరుకైతది."

"అంటే గా మెదడు చెప్పినంక చెయ్యి తీస్తమా?"

"లేదు, గంత సేపు ఆగదు. కబురు వెన్నుల పడంగనే గాన్నుంచే చెయ్యి తియ్యమని ఇంకో నరంల హుకుం దిగుతది. చెయ్యి ముందు ఎనక్కొస్తది, మంట తర్వాత ఎరుకైతది. నిద్రల ఉన్నా గంతే. ఎవల్నీ అడగదు."

"ఎవల్నీ అడగదా?" అన్నాను. తలకు నూనె రాసుకోవడానికి కూడా అడగాల్సిన ఇంట్లో ఉన్నదాన్ని. నా ఒంట్లో ఎవరినీ అడగకుండా నన్ను కాపాడే ఏర్పాటు ఒకటి పుట్టినప్పటి నుంచీ ఉందన్న మాట నాకు వింతగా ఉంది. ఇంకోసారి చెప్పించుకున్నాను.

"మరి నా చెయ్యి ఎనక్కు రాదెందుకు?"

"రోగం నరంల జొరబడ్డది. కబురు బయలెల్లుతలేదు. వేళ్ళను సాపే హుకుం కూడ గా నరంలనే రావాలె, అది రాకనే వేళ్ళు ముడుసుకున్నై. వేళ్ళను రోగం తినదక్కా, మంది గట్లంటరు గని. కాలింది తెల్వక, కోసుకున్నది తెల్వక, పుండైంది తెల్వక మనమే పోగొట్టుకుంటం."

రోగం పేరు ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. మా దగ్గర దాన్ని పెద్దరోగం అంటారు, ఇంట్లో ఆ మాట పైకి అనరు. నేను నా అరచేతిని నా తొడ మీద పెట్టి చూసుకున్నాను. రోజూ పెట్టేదే, వేలసార్లు పెట్టి ఉంటాను. చెయ్యి వచ్చి తాకిందని తొడకు తెలిసింది. తొడను తాకానని చేతికి తెలియలేదు. ఇన్నాళ్ళూ దారం తీస్తూ నేను దీన్ని గమనించనే లేదు.

"ఈపు సూపియ్యి" అంది సిస్టరు. తలుపు దగ్గరికేసి రవిక తీసి వెనక్కి తిరిగాను. ఆమె దగ్గరగా వంగి చూసింది. తర్వాత "గీ మచ్చ ఎన్నాళ్ళ సంది ఉన్నది?" అంది.

"నా ఈపు నాకు కనవడదు గద."

"తెల్లగ, పెద్దగున్నది. శాన ఏండ్లదే. మరి దీని మీద గీ గుండ్రటి మచ్చలేంది? కాలినవి. చుట్టూ మంచి తోలు మీద ఒక్కటి లేదు, అన్ని గీ మచ్చ మీదనే ఉన్నై." ఆమె గొంతు మారింది. "అక్కా, ఇంట్ల బీడీ ఎవలు తాగుతరు?"

"మా అత్త తాగదు" అన్నాను.

రవిక తొడుక్కున్నాను. కొక్కెం ఒకటి ఎంతకీ పడకపోతే సిస్టరే పెట్టింది. నేను బూడిదలో ఆమె గీసిన ఆ మనిషి బొమ్మ వైపు చూస్తూ నిలబడ్డాను. ఎండాకాలం మధ్యాహ్నాలు అన్నాలయ్యాక నేను బోర్లా పడుకునేదాన్ని, వీపుకు గాలి తగులుతుందని. రవిక విప్పి కొంగు కప్పుకునేదాన్ని. ఆయన పక్కన కూర్చుని బీడీ తాగేవాడు. కొంగు తొలిగి మచ్చ కనిపించి ఉంటుంది. అది ఏ మచ్చో తేల్చుకోవాలని బీడీ ఆనించి ఉంటాడు. నేను కదలకపోతే నమ్మకం కుదరక మళ్ళీ ఆనించి ఉంటాడు. చర్మం కాలిన వాసన ఆయనకు వచ్చే ఉంటుంది. నేను నిద్రపోతూనే ఉన్నాను. ఇదంతా ఎప్పుడు జరిగిందో కూడా నేను లెక్క కట్టుకోగలిగాను. కుండలో చెయ్యి పెట్టిన రోజు తర్వాత ఆయన నా దగ్గరికి రానేలేదు కాబట్టి, అంతకు ముందే జరిగింది. అంటే ఆ రోజు మగ్గం మీంచి దిగి వచ్చి నా చేతిని అంతసేపు చూసినప్పుడు ఆయనకు అంతా తెలుసు. కమలవ్వ కెవ్వుమంది, నలుగురు చూశారు, ఏదో ఒకటి చెప్పాలి. తల్లి అన్నాడు. నేను దాచుకున్న మాట అది. నాకు కోపం రావాలని తెలుస్తూనే ఉంది, రాలేదు. అవ్వ పోయినప్పుడు ఏడుపు కోసం ఎదురుచూసినట్టే దానికోసం కూడా ఎదురుచూశాను.

"దవాఖానల మాత్రలున్నై" అంది సిస్టరు. "శాన దినాలు మింగాలె. పోయిన నరం తిరిగి రాదక్కా, నీకు అబద్ధం చెప్ప. ఉన్నది పోకుండ ఆపొచ్చు. ఇప్పుడొస్తే ఉన్న వేళ్ళు ఉంటై, కండ్లు ఉంటై. ఇంకో ఏడు గీ కుండల్ల చేతులు పెడితే నేను కూడ ఏం చెయ్యలేను. పొద్దు వాలినంక జీపు బడి కాడి నుంచి పోతది. నీ కోసం ఆపి ఉంచుత. మల్ల మేం వచ్చేది వానలు పోయినంకనే."

ఆమె వెళ్ళింది. చీర కొనలేదని మా అత్త గొణిగింది. నేను అన్నం వండాను. కుండ దించేటప్పుడు పాత చీర కొంగు చింపి మడత పెట్టి పట్టుకున్నాను. "ఏమే, తల్లి పోయిందా ఏంది?" అని నవ్వింది అత్త.

ఆయన వచ్చి, తన పళ్ళెం తనే తెచ్చుకుని కూర్చున్నాడు. గంటెతో వడ్డించాను. రెండు ముద్దలు తిననిచ్చి, "నా ఈపు మీద మచ్చ నువ్వు ఎప్పుడు జూసినవ్?" అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. ఏ మచ్చ అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. గడప అవతల తింటున్న మా అత్త తలెత్తి, "ఏం మచ్చరా?" అంది. ఆయన పళ్ళెం వైపే చూస్తున్నాడు. నేను వెనక్కి తిరిగి, రవిక పైకెత్తి ఆమెకు వీపు చూపించాను. ముసలామె కళ్ళు దగ్గరగా పెట్టి చూసింది. ఆమె ముందు తన చేతిలోని ముద్దను చూసుకుంది. పళ్ళెం నెట్టేసింది.

"ఓరి నీ పాడుగాను! నీకు ఎరుకైతే నాకు చెప్పకపోతివేందిరా! దాని చేతి బువ్వ తింటి, దాని చేత తలంటించుకుంటి. నీ చెంబు నువ్వు దాసుకొని నన్ను ముంచితివి గదరా!"

నా కోసం కాకపోయినా, ఆ ఇంట్లో ఆయన్ని ఒకరు నిలదీయడం అదే మొదలు. ఆయన నా వైపు తిరిగి మెత్తగా మాట్లాడాడు. ఆయన అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"పరేషాన్ కాకు. నీ మంచికే చెప్పలే. ఎవలకన్న తెలిస్తే ఊరవతల గుడిసె ఏసి అండ్ల పడేస్తరు. నేను తల్లి అన్న కాబట్టే గదా గీ మంది నీ కాళ్ళు మొక్కుతున్నరు?"

ఆ మాటలో కొంత నిజం ఉంది. అదే చెడ్డ సంగతి. "మరి దవాఖానకు తోలకపోతివేంది?" అన్నాను.

"దవాఖానకు పోతే ఊరంత ఎరుక కాదా? మన దారం ఎవలు ముడుతరు? నువ్వు పోతే దారం తీసేదెవలు? మగ్గం ఉత్తగ పెట్టుకొని ఏం జెయ్యాలె నేను?" అన్నాడు. అంతలోనే ఇంకాస్త మెత్తబడ్డాడు. "చెప్తే నీకు బాధైతదని ఊకున్న. గిప్పుడు మాత్రం ఏమైంది? నీకేం నొప్పి లేదు గద."

"నొప్పి అయితే గదా మనిషి చెయ్యి ఎనక్కు తీసుకునేది" అన్నాను. "ఈపు నాకు కనవడదు. కనవడ్డ నువ్వు చెప్పలే. నా చేతులు గిట్ల కాలుతుంటే ఇన్నేండ్లు మగ్గం మీద కూసోని సూసినవ్."

అలా అంటూ ఉండగానే వచ్చింది కోపం. మా అవ్వ చావుకు రావాల్సిన ఏడుపు కూడా దాంతోపాటే వచ్చింది. నేను నిలబడి పెద్దగా ఏడ్చాను. ఏడుస్తూనే లోపలికి పోయి, రెండు చీరలు, దువ్వెన మూట కట్టుకున్నాను. ముడి పడలేదు. పళ్ళతో లాగి బిగించాను.

ఆయన వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. రెండు చేతులూ రెండు పక్కలా ఆనించి, "ఎట్ల పోతవో జూస్త" అన్నాడు. నేను ఆగకుండా నడిచాను. ఇంకో అడుగు వేస్తే ఆయన ఛాతీకి తగులుతాననగా, తనే చటుక్కున పక్కకు జరిగి దారి ఇచ్చాడు. నన్ను ఆపాలంటే ముట్టుకోవాలి, ముట్టుకోవడం ఆయన వల్ల కాలేదు.

బయట ఎండ ఇంకా తగ్గలేదు. అరుగుల మీద ఆడవాళ్ళు పట్టుకాయల మీది పీచు ఒలుచుకుంటున్నారు. నన్ను చూసి కమలవ్వ లేచి వచ్చి, అలవాటుగా వంగి నా కాళ్ళకు చేతులు చాచింది. "మూట వట్టుకొని ఎటు పోతున్నవు తల్లీ, గింత ఎండల?"

వెనక గడపలోంచి ఆయన గొంతు గబగబా వచ్చింది. "ఎల్లమ్మ గుడికి, కమలవ్వా. మొక్కున్నది."

నేను కాళ్ళు వెనక్కి తీసుకున్నాను. అరుగుల మీది వాళ్ళందరికీ వినిపించేలా చెప్పాను.

"దవాఖానకు పోతున్న, కమలవ్వా. నాది పెద్దరోగం. మా ఇంటాయనకు ముందటి సందే ఎరుక, నా ఈపుకు బీడీ పెట్టి సూసుకున్నడు."